బలిపూజలో పాత పాటలా, కొత్త పాటలా? ఒక యువ గాయక బృందానికి జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మిర్యాలగూడ వైపు మీ కతోలిక విచారణలో, అంటే మీ ఫాదర్‌గారి కింద ఉన్న గుడి సంఘంలో, యువత చందాలేసుకుని కీబోర్డు, ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్ములు), గిటారు కొన్నారు. యూట్యూబ్‌లో వచ్చే కొత్త ఆరాధన పాటలు ఆదివారం బలిపూజలో, అంటే అప్పమూ ద్రాక్షరసమూ అర్పించే మన ఆరాధనలో, పాడుతున్నారు. పెద్దలేమో "గుడికొచ్చినమా, ఆర్కెస్ట్రాకొచ్చినమా" అంటున్నారు. పాత పాటలే పాడితే పిల్లలు గుడి బయట బండ్ల మీద కూర్చుంటున్నారు, కొందరైతే మధ్యాహ్నం వేరే ప్రార్థన మందిరాలకు పోతున్నారు. ఫాదర్‌గారు మీలో మీరే తేల్చుకోమన్నారు. సంప్రదాయ సంగీతమా, ఇప్పటి సంగీతమా, ఏది సరైనదో చెప్పమని అడిగావు. ఆఖర్లో ట్రాక్ (ముందే రికార్డు చేసిన వాయిద్య సంగీతం) పెట్టి పాడొచ్చా అని కూడా అడిగావు.

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో గాయక బృందాలకు పాటలు నేర్పుతూ చాలా కాలం గడిపాను కాబట్టి నా మాట మొహమాటం లేకుండా చెప్తాను. మీరంతా పాట వయసు గురించి కొట్లాడుకుంటున్నారు. నేనైతే రెండే సంగతులు చూస్తాను: పూజలో ఏ భాగాన్ని పాడుతున్నారు, గుడిలో ఎంతమంది నోరు తెరుస్తున్నారు. ఈ రెండూ కుదిరిన చోట నేను పాత పాటకూ అడ్డు చెప్పలేదు, గిటారుకూ అడ్డు చెప్పలేదు. ఇవి కుదరని చోట హార్మోనియం పెట్టుకున్నా లాభం లేదు.

ముందు ఆ "పాత" సంగతి చూద్దాం. మీ పెద్దలు సంప్రదాయమని కాపాడుకుంటున్న పాటల్లో చాలా మటుకు 1970, 80లలో హార్మోనియం, తబలాతో కట్టినవే అయ్యుంటాయి. సికింద్రాబాద్‌లోని కతోలిక ప్రసార కేంద్రం అమృతవాణి లాంటి చోట రికార్డయి, క్యాసెట్ల మీద ఊరూరికీ చేరిన తరం అది. అంతకుముందు పూజ లాటిన్‌లో జరిగేది. దైవార్చన (సంఘమంతా కలిసి చేసే అధికారిక ఆరాధన) గురించి రెండవ వాటికన్ మహాసభ, అంటే ప్రపంచ కతోలిక బిషప్పుల సమావేశం, ఇచ్చిన పత్రం వచ్చింది 1963 డిసెంబర్ 4న. పూజ తెలుగులోకి మారింది ఆ తర్వాతే. నల్లగొండ మేత్రాసనం (బిషప్పుగారి పరిధి) ఏర్పడింది 1976లో. ఇవాళ మీ తాతలు "మా కాలం నాటి పాట" అంటున్నది ఆ కాలంలో కుర్రవాళ్లు తెచ్చిన కొత్త పాటే.

వాయిద్యాలదీ అదే కథ. 1903 నవంబర్ 22న, పాటగాళ్ల పాలక పునీతురాలు సిసీలియా పండుగ నాడు, పదవ పయస్ పోపుగారు పవిత్ర సంగీతం మీద ఇచ్చిన ఆదేశంలో గుడిలో పియానోనే నిషేధించారు. డోళ్లు, తాళాల్లాంటి మోత చేసే వాయిద్యాలనూ వద్దన్నారు. మన దగ్గర భక్తికి మారుపేరైపోయిన హార్మోనియం కూడా యూరప్ నుంచి వచ్చిందే. అది మన సంగీతానికి పనికిరాదని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని స్టూడియోల్లోకి రానివ్వలేదు. ఇప్పుడు అదే హార్మోనియాన్ని పక్కన పెట్టుకుని కీబోర్డును తిడుతున్నాం. ఈ మాట మీ పెద్దలతో అనేటప్పుడు కాస్త మెల్లగా అను. వాళ్లను ఓడించడానికి కాక, వాళ్లూ ఒకప్పుడు కొత్తవాళ్లేనని గుర్తుచేయడానికి.

అలాగని మహాసభ అన్నిటికీ తలుపులు బార్లా తెరిచిందని అనుకోకు. మీ యువత సమావేశాల్లో అలా చెప్పేవాళ్లను చూశాను. ఆ 1963 పత్రం గ్రెగోరియన్ గానానికి (లాటిన్‌లో ఏకకంఠంగా పాడే పాత గానం) మొదటి పీట వేసింది, మిగతా పరిస్థితులన్నీ సమానంగా ఉంటే అనే షరతుతో. గొట్టాల ఆర్గన్‌ను గొప్పగా ఎంచింది. ఇతర వాయిద్యాలను కూడా ఒప్పుకుంది, అవి పవిత్ర వినియోగానికి తగినవై ఉండాలి, పీఠాధిపతుల (బిషప్పుల) సమ్మతి ఉండాలి అంటూ. అదే పత్రం 119వ పేరాలో, సొంత సంగీత సంప్రదాయాలున్న ప్రజల సంగీతానికి తగిన విలువ ఇవ్వాలని చెప్పింది. ఇది మనలాంటి వాళ్ల కోసం రాసిన మాట. ఇటు పెద్దలూ అటు పిల్లలూ ఇద్దరూ దీన్ని వదిలేశారు. దాని సంగతి కాస్త ఆగి చెప్తాను.

అసలు కీలకం 1967 మార్చి 5న వచ్చిన 'మూసికామ్ సాక్రమ్' అనే సూచనల పత్రంలో ఉంది. పూజలో పాడే వాటిని అది మూడు మెట్లుగా విడదీసింది. మొదటి మెట్టులో గురువుకూ (ఫాదర్‌గారికీ) ప్రజలకూ మధ్య నడిచే మాటలు: పలకరింపు, దానికి మన జవాబు, సువిశేషం దగ్గర స్తుతివాక్యాలు, అప్పమూ ద్రాక్షరసమూ పీఠం మీద పెట్టాక గురువు మొదలుపెట్టే స్తుతి, 'పరిశుద్ధుడు', పరలోక జపం, సాగనంపే మాటలు. రెండో మెట్టులో దయ చూపమని వేడుకునే ప్రార్థన, మహిమ గీతం, విశ్వాస సంగ్రహం, గొర్రెపిల్ల గీతం, విశ్వాసుల ప్రార్థన. మూడో మెట్టులో ప్రవేశ గీతం, పఠనాల మధ్య పాడేవి, కానుకల పాట, దివ్యసత్ప్రసాద గీతం (పవిత్రపరచిన అప్పాన్ని జనం స్వీకరించే వేళ పాట). మొదటి మెట్టు ఒక్కటే పాడినా చాలునట. రెండోదీ మూడోదీ మాత్రం మొదటిది లేకుండా పాడకూడదని ఆ పత్రం సూటిగా చెప్తుంది.

ఇప్పుడు మీ గుడిలో ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకో. నేను చూసిన చాలా విచారణల్లో వరస తిరగబడి ఉంటుంది. ప్రవేశ గీతం నాలుగు చరణాలు, మధ్యలో రెండు బిట్లు (వాయిద్యాలు మాత్రమే మోగే ముక్కలు). కానుకల పాట గురువు చేతులు కడుక్కున్నాక కూడా సాగుతుంది. దివ్యసత్ప్రసాదానికి మూడు పాటలు. 'పరిశుద్ధుడు' మాత్రం గబగబా మాటల్లో అయిపోతుంది. పలకరింపుకు జవాబు గొణుగుడు. పూజకు వెన్నెముక లాంటి చోట్ల మౌనం, అంచుల్లో హోరు. పాత బృందమూ ఇదే చేసింది, కొత్త బృందమూ ఇదే చేస్తోంది. మరి తగాదా దేనికి?

కాబట్టి నా మొదటి సలహా కొత్త పాట గురించో పాత పాట గురించో కాదు. 'పరిశుద్ధుడు'కి ఒక రాగం, గొర్రెపిల్ల గీతానికి ఒక రాగం, సువిశేషానికి ముందు అల్లెలూయాకు ఒక రాగం ఖాయం చేసుకోండి. వీటిని కనీసం ఒక ఏడాది మార్చకండి. పిల్లలకు విసుగు పుడుతుంది, తెలుసు. కానీ ముసలమ్మ మొదలుకొని ఉపదేశం తరగతి పిల్లదాకా కళ్లు మూసుకుని పాడగలిగే పాట గుడికి ఉండాలి. ఆ మాటలను మార్చి సొంతంగా రాసిన చరణాలు పెట్టొద్దు. పూజలో నిర్ణీతంగా ఉన్న భాగాల బదులు వేరే పాట పాడటానికి నియమాలు ఒప్పుకోవు. రాగం కొత్తది కావచ్చు, మీ గిటారు పిల్లవాడు కట్టిందే కావచ్చు. పెద్దలు పట్టుకునేంత తేలికగా ఉంటే చాలు. ఫాదర్‌గారు పలకరింపును రాగం తీసి పాడితే ఇంకా మంచిది. ఆయన గొంతు బాగాలేదంటే రెండు మూడు స్వరాల మీద నడిచే తేలిక వరస నేర్పండి, ఎవరికైనా వస్తుంది.

ఇక శృతి. నా అనుభవంలో పాటలో సభ (గుడికొచ్చిన జనం) కలిసి పాడకపోవడానికి భక్తి తక్కువ కావడం కన్నా శృతి ఎక్కువ కావడమే కారణం. యూట్యూబ్‌లో పాడే మగ గాయకుడు శిక్షణ ఉన్నవాడు, పై స్థాయిలో మెరుపు కోసం పాడతాడు. మీ కుర్రవాడు అదే శృతిలో అదే పాట ఎత్తుకుంటాడు. పల్లవి దాకా ఆడవాళ్లకు మరీ కిందుగా ఉంటుంది. చరణం తారస్థాయికి ఎక్కేసరికి మగవాళ్లకు గొంతు పగులుతుంది. ఇద్దరూ ఊరుకుంటారు. ఊరుకున్నవాళ్లను చూసి బృందం "మా ఊరోళ్లకు పాడాలని లేదు" అంటుంది.

కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ మీట ఉన్నది ఇందుకే. నేను పెట్టుకున్న కొలత ఒకటుంది. పాటలో అన్నిటికన్నా పై స్వరం ఆడవాళ్లకు మధ్య 'సి'కి ఒక స్థాయి పైనున్న 'సి' పక్కనే వచ్చే 'డి' దాటకూడదు, మగవాళ్లకు దానికి ఒక స్థాయి కింది 'డి'. అన్నిటికన్నా కింది స్వరం 'ఎ' కంటే దిగకూడదు. ఈ హద్దుల్లో ఇమడని పాట ఎంత గొప్పదైనా సభ పాట కాదు. అది బృందం పాట. బృందం పాటకు కూడా పూజలో చోటుంది, దివ్యసత్ప్రసాదం పంచే వేళ ఒకటి పాడొచ్చు. పొద్దున్నే ఏడింటి పూజకు గొంతులు ఇంకా విచ్చుకోవు కాబట్టి శృతి ఇంకో అర స్వరం దించు. పండుగ రాత్రి పూజకు ఆ అరా పెంచినా ఎవరూ అడగరు.

బిట్ల సంగతి కూడా ఇదే. రికార్డింగులో పల్లవికీ చరణానికీ మధ్య ఫ్లూట్ బిట్టో గిటారు బిట్టో వస్తుంది, వినడానికి బాగుంటుంది. గుడిలో అది వచ్చిన ప్రతిసారీ జనం తెగిపోతారు. మళ్లీ ఎక్కడ అందుకోవాలో తెలియక బృందం వైపు చూస్తారు. బిట్లు తీసేసి చూడండి, రెండు ఆదివారాల్లోనే తేడా మీకే వినిపిస్తుంది.

శబ్దం మాట చెప్పకపోతే పెద్దల బాధకు న్యాయం చేసినట్టు కాదు. రేకుల కప్పు, సిమెంటు గోడలు, ఎత్తైన కిటికీలు: మన గుళ్లలో చప్పుడు గోడకు కొట్టుకుని తిరిగొస్తుంది. దానికి తోడు మిక్సర్‌లో ఎకో పెంచుతారు. ఇక ప్యాడ్స్‌లో బేస్ డ్రమ్ము మోగితే ముందు బల్లల్లో కూర్చున్న పెద్దవాళ్లకు గుండెలో దడ. వాళ్లు "సినిమా పాట" అని తిట్టేది చాలాసార్లు పాటను కాదు, ఈ దడను. ఎకో పూర్తిగా తీసేయండి. మైకులు రెండుకు మించొద్దు. ప్యాడ్స్ కొట్టేవాడికి ఒక పరీక్ష పెట్టు: గుడి మధ్యలో నిలబడితే పక్కనున్న మనిషి గొంతు నీకు వినపడాలి. వినపడలేదంటే మీరు మోత తగ్గించాలి. పక్కవాడి గొంతు వినపడనప్పుడు మనిషి తన గొంతు కూడా ఎత్తడు, ఇది ఎక్కడైనా ఇంతే. బృందాన్ని పీఠం పక్కన వేదిక ఎక్కించకండి. జనం మధ్యనో, ఒక పక్కకో నిలబెట్టండి. వేదిక మీదకెక్కితే కుర్రవాళ్ల ఒళ్లు దానంతటదే కచేరీ వైపు తిరుగుతుంది.

మాటల విషయంలో మాత్రం నేను పెద్దల పక్షమే, గట్టిగా. ఇప్పుడు మీరు దించుకుంటున్న పాటల్లో ఎక్కువ భాగం కతోలికులు కానివాళ్లు రాసినవి. అందులో తప్పు లేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు మన గుళ్లలో కూడా ఎప్పటి నుంచో వినిపిస్తున్నాయి, వాటిలోని రాగతాళాల పట్టు నాకెంతో ఇష్టం. కానీ దివ్యసత్ప్రసాదం క్రీస్తు శరీరమేనని నమ్మే మనం, అది తీసుకునే వేళ, ఇది కేవలం జ్ఞాపకార్థమే అన్నట్టు చెప్పే పాట పాడితే ఎలా? పాట మాటలు ముఖ్యంగా దివ్యగ్రంథం నుంచీ దైవార్చన నుంచీ రావాలని 1963 పత్రమే చెప్పింది. ఇప్పటి పాటల్లో ఇంకో లోటు కూడా చూస్తాను. "నేను, నాకు, నన్ను, నా కన్నీరు, నా గెలుపు" తప్ప "మేము" ఉండదు. ఒంటరిగా గదిలో ఫోను పట్టుకుని విన్నప్పుడు ఆ పాట మనసుకు తగులుతుంది. ఊరంతా ఒక పీఠం చుట్టూ నిలబడినప్పుడు ఆ "నేను" ఇరుకైపోతుంది. పాట ఎంచుకునేటప్పుడు ముందు రాగం వదిలేసి మాటలు కాగితం మీద రాసి చదవండి, ఫాదర్‌గారికో సిస్టర్‌గారికో చూపించండి. రాగం లేకుండా చదివితే సగం పాటలు వాటంతటవే పక్కకు పోతాయి.

మొదటి పఠనం తర్వాతి కీర్తన గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీ యువతకు దొరికే బంగారు అవకాశం అదే. చాలా చోట్ల దాన్ని చదివేస్తారు, లేదా దాని బదులు ఏదో పాట పాడేస్తారు. ఆ రెండోది నియమాలకు విరుద్ధం; అది దివ్యగ్రంథంలో భాగం, దాని స్థానంలో వేరే పాట పెట్టకూడదు. కానీ ప్రతి ఆదివారానికీ కొత్త కీర్తన, కొత్త పల్లవి. అంటే ప్రతి వారం ఎవరో ఒకరు ఆ పల్లవికి ఒక చిన్న రాగం కట్టాలి. పాటలు కట్టే ఉబలాటం ఉన్న కుర్రవాళ్లను దీని మీద పెట్టు. పల్లవి ఒక్క వాక్యమే. బృందం ఒకసారి పాడితే సభ వెంటనే తిరిగి పాడాలి. అలా వెంటనే పాడగలిగేంత తేలిక రాగం కట్టడం ఎంత కష్టమో వాళ్లకు అప్పుడు తెలుస్తుంది. వారం వారం కీర్తనల గ్రంథం చేతిలో ఉంటుంది కాబట్టి మాటల గొడవ కూడా ఉండదు. యువతను పూజకు దగ్గర చేయడానికి నాకు తెలిసిన దారుల్లో ఇంతకన్నా గట్టిది లేదు.

కాలాల గురించి క్లుప్తంగా. తపస్కాలంలో (ఈస్టర్‌కు ముందు ఉపవాస కాలంలో) వాయిద్యం పాటకు ఆసరాగా మాత్రమే వినపడాలి. విడిగా బిట్లు, ప్యాడ్స్ విన్యాసాలు కూడదు. నాలుగో ఆదివారం, పెద్ద పండుగలు, ఉత్సవాలు మాత్రం మినహాయింపు. ఆగమనకాలంలో (క్రిస్మస్‌కు ముందు వారాల్లో) మితంగా. మహిమ గీతం ఈ రెండు కాలాల ఆదివారాల్లో ఉండదు, అల్లెలూయా తపస్కాలమంతా ఉండదు. ప్యాడ్స్ ఎప్పుడు వద్దో కాలమే చెప్తోంది కాబట్టి పెద్దలతో సగం తగాదా అక్కడే తీరుతుంది.

ఇప్పుడు ఇందాక పక్కన పెట్టిన 119వ పేరా. మన సొంత సంగీతం ఏది? కర్ణాటక రాగాల కీర్తనలు ఒక పాయ. కానీ నల్లగొండలో, పాలమూరులో పొలం గట్ల మీద, తిరునాళ్లలో పుట్టిన పాట వేరే ఉంది. చెక్క భజన, కోలాటం, చిరుతలు, బతుకమ్మ పాట, పన్నెండు మెట్ల కిన్నెర. ఆ కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మన పాలమూరు మనిషే. గిటారు కొన్న మీ పిల్లల్లో ఎంతమంది కిన్నెర చప్పుడు దగ్గర్నుంచి విన్నారో అడిగి చూడు.

బతుకమ్మ పాట నిర్మాణాన్ని గమనించు. ఒకరు ఒక పాదం అంటారు, చివర ఉయ్యాల మాట అందరూ అందుకుంటారు. కొత్తగా వచ్చిన కోడలికి కూడా ఒక చుట్టు తిరిగేసరికి పాట వచ్చేస్తుంది. సభతో పాడించడానికి ఇంతకన్నా తెలివైన పద్ధతి ఎవరూ కనిపెట్టలేదు. ఫ్రాన్స్‌లో 1940లో బ్రదర్ రోజర్ మొదలుపెట్టిన తేజే సమాజం పాటలు ప్రపంచమంతా యువత పాడుతుందంటే, అవి కూడా ఒక్క వాక్యాన్ని మళ్లీ మళ్లీ పాడే పాటలే. అయితే నేను బతుకమ్మ రాగాన్ని ఉన్నదున్నట్టు బలిపూజలోకి తేను. ఆ రాగం వినగానే జనం మనసు పూల చుట్టూ, ఆ పండుగ చుట్టూ తిరుగుతుంది. ఒకరికి ఎబ్బెట్టుగా, ఇంకొకరికి ఎగతాళిగా తోస్తుంది. పాదం, అందుకోలు అనే ఆ కట్టుబాటు మాత్రం తీసుకుంటాను. కానుకల ఊరేగింపుకు అలాంటి పాట ఒకటి కట్టి చూడండి.

డప్పు దగ్గర మాత్రం జాగ్రత్త. బయటి నుంచి వచ్చినవాళ్లు, సెమినార్లలో మాట్లాడేవాళ్లు "డప్పు మీ సంస్కృతి, గుడిలో వాయించండి" అని తేలిగ్గా చెప్పేస్తారు. తెలంగాణ ఉద్యమం డప్పుకు గౌరవం తెచ్చింది, నిజమే. కానీ మన విచారణల్లో ఎక్కువమంది విశ్వాసుల తాతముత్తాతలతో ఊరి పెత్తందార్లు చావుకూ చాటింపుకూ డప్పు కొట్టించారు, కూలి లేకుండానో గింజల కూలికో. ఆ అవమానం వదిలించుకోవడానికి గుడికొచ్చిన ముసలాయనకు పీఠం ముందు డప్పు వినపడితే ఏమనిపిస్తుంది? "దీన్నుంచి తప్పించుకునే గదా ఇక్కడికొచ్చింది" అనిపిస్తుంది. మనవడికేమో అదే డప్పు తన ఆత్మగౌరవం. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. దీన్ని బృందం తీర్మానం చేసి తేల్చకూడదు. ఆ కుటుంబాల పెద్దలను కూర్చోబెట్టి అడగాలి. వాళ్లు ఊఁ అంటే పాస్కా (ఈస్టర్) పండుగకూ తిరునాళ్ల ఊరేగింపుకూ మొదలుపెట్టండి. ఆరుబయట డప్పు అందమే వేరు. మఠంపల్లి శుభవార్త దేవాలయం లాంటి చోట పండుగ జనసందోహంలో ఊరేగింపుకు డప్పు, కోలాటం ఉంటే పెద్దలూ పిల్లలూ ఒకే అడుగేస్తారు. కొట్టేవాళ్లు ఎవరైనా సరే, వాళ్లకు బృందంలో సమాన స్థానం ఇవ్వండి, వాళ్ల పేర్లు కూడా చదవండి. ఒకే కులం పిల్లల చేతికే డప్పు వెళ్లి, కీబోర్డు మాత్రం ఇంకొకరి చేతిలో ఉండే ఏర్పాటైతే అది అసలు వద్దు. గుడి లోపల అయితే డప్పు కాపుకుని బిగించాక మోత గోడలు పట్టవు, ఒక్కటి చాలు.

వేరే మందిరాలకు పోయే పిల్లల సంగతి. పాటల కోసమే పోతున్నారని మీరనుకుంటున్నారు. నేను అలా పోయి తిరిగొచ్చినవాళ్లతో మాట్లాడాను. పాట బాగుందన్నారు, నిజమే. కానీ అంతకన్నా ఎక్కువగా చెప్పింది, అక్కడ తమను పేరు పెట్టి పిలిచారని, మొదటి నెలలోనే ఏదో ఒక పని అప్పజెప్పారని, కష్టం వస్తే తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారని. ఇవి కీబోర్డుతో తీరేవి కావు. మన బలిపూజను వాళ్ల ఆరాధన కూటం లాగా మార్చి వాళ్లతో పోటీ పడాలనుకుంటే ఓడిపోతాం. వాళ్లకు అది ఒక్కటే పని, మనకు అది పూజలో ఒక పక్క మాత్రమే.

అయితే ఆ పాటలకు మన ఇంట్లోనే చోటుంది. వారానికో రోజు సాయంత్రం, నెలకో రాత్రి దివ్యసత్ప్రసాద ఆరాధన పెట్టండి. అక్కడ గిటారు, కొత్త పాటలు, చేతులెత్తి ప్రార్థించడం, ఎంతసేపైనా. కేరళలో 1985 నుంచి 'జీసస్ యూత్' అనే పేరుతో నడుస్తున్న ఉద్యమం కతోలిక యువత కోసం సంగీతాన్ని ఇలాగే వాడుకుంది; 2016లో రోమ్ దానికి అధికారిక గుర్తింపు ఇచ్చింది. అమెరికాలోనూ అదే 1985లో అరిజోనాలో మొదలైన లైఫ్ టీన్ యువత పూజలోకే బ్యాండును తెచ్చింది, దాని మీద అక్కడ వాదనలు ఇప్పటికీ ఆగలేదు. నాకు మొదటి దారే మన పల్లెలకు సరిపోతుందనిపిస్తుంది. ఫ్రాన్సిస్ పోపుగారు 2019లో యువతకు రాసిన 'క్రీస్తుస్ వీవిత్'లో సంగీతం యువత మునిగి తేలే లోకమని, దైవార్చనకు కూడా అది ఒక వనరని ఒప్పుకున్నారు. అదే పత్రంలో, మౌనాన్ని ఇష్టపడే యువత పెరుగుతున్నారని, ఆరాధన బృందాలు ఎక్కువవుతున్నాయని కూడా రాశారు. నేను నల్లగొండ చుట్టుపక్కల ఆరాధనల్లో చూసిందీ అదే. గంటసేపు గిటారు వాయించిన పిల్లలే ఆఖరున ఆశీర్వాదానికి ముందు తోమాసు అక్వినాసు రాసిన లాటిన్ గీతం పాడితే, అర్థం సగమే తెలిసినా, కదలకుండా మోకాళ్ల మీద ఉంటారు. పిల్లలకు పాతవి నచ్చవని ఎవరు చెప్పారో గానీ, వాళ్లకు నచ్చనిది నిర్లక్ష్యంగా పాడిన పాట.

పెద్దలతో ఎలా మాట్లాడాలి అంటావా, పంచాయితీ పెట్టకండి. "నెలకు ఒక్క కొత్త పాటే" అని మాట ఇవ్వండి, ఆ మాట తప్పొద్దు. ఆ పాటను పూజకు పది నిమిషాల ముందు సభకు నేర్పండి, వరుసగా నాలుగు ఆదివారాలు అదే పాడండి. ప్రవేశానికి పెద్దలకు వచ్చిన పాట, దివ్యసత్ప్రసాదానికి కొత్తది అనుకోండి, పొత్తు కుదురుతుంది. పాత బృందంలో హార్మోనియం వాయించిన పెద్దాయన ఉంటే ఆయన్ను శనివారం రిహార్సల్‌కు పిలవండి. ఆయనకు రాగం పేర్లు తెలుసు, మీ పిల్లలకు కార్డ్స్ (ఒకేసారి కలిపి మీటే స్వరాలు) తెలుసు. 'మోహన' అని ఆయన అన్నప్పుడు మీవాడు ఏ కార్డ్ పట్టాలో వెతుక్కుంటాడు, అక్కడే ఇద్దరికీ దోస్తీ కుదురుతుంది. రిహార్సల్ అంటే ఆదివారం పొద్దున పూజకు అరగంట ముందు కాదు, శనివారం సాయంత్రం.

ఇక ట్రాక్. బలిపూజలో వద్దు. 1958లో పవిత్ర సంగీతం మీద వచ్చిన రోమ్ సూచనలే రికార్డు చేసిన సంగీతాన్ని దైవార్చనలో పూర్తిగా కాదన్నాయి. ఆ నియమాన్ని పక్కన పెట్టినా, పని కూడా కుదరదు. దివ్యసత్ప్రసాదం వరుస ఎంతసేపు సాగుతుందో ట్రాక్‌కు తెలియదు. వరుస అయిపోయినా అది ఇంకో చరణం పాడమంటుంది. వరుస సగంలో ఉండగానే ముగిసిపోతుంది. ఫాదర్‌గారు పీఠం దగ్గర పాత్రలు శుభ్రం చేసి నిలబడ్డప్పుడు కీబోర్డు పిల్లవాడు ఒక చూపుతో పాటను పల్లవి దగ్గర ఆపగలడు. కీబోర్డు వాయించేవాళ్లు ఆ ఆదివారం ఊళ్లో లేకపోతే వాయిద్యం లేకుండానే పాడండి. శృతి కోసం ఫోనులో తంబురా ఆప్ పెట్టుకుని మొదటి స్వరం అందుకోండి, అంతవరకే. ట్రాకులు క్రిస్మస్ రాత్రి పూజ అయ్యాక పిల్లల కార్యక్రమానికి దాచుకోండి.